ఓకేడోకు ఎక్కడుంది? తాతగారి యుద్ధం డైరీతో ఒక చరిత్ర పాఠం

మన బడికి వచ్చే పిల్లల్లో ఎవరో ఒకరి ఇంట్లో, ఇక్కడ కాకపోతే ఊళ్లో అటక మీద ట్రంకుపెట్టెలో, యుద్ధానికి వెళ్లొచ్చిన ముత్తాత కాగితాలు ఉండే ఉంటాయి. ఓ పతకం, రంగు వెలిసిన ఫోటో, అదృష్టం బాగుంటే ఓ డైరీ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటిష్ ఇండియా సైన్యంలో దాదాపు పాతిక లక్షల మంది ఉన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఎంతోమంది.

అలాంటి డైరీ దొరికితే పిల్లలతో ఎలా చదవాలి? మా ఇంటి అనుభవమే చెబుతాను. ఎందుకంటే మేం దాన్ని మొదట తప్పుగానే చదివాం.

చిట్టాపుస్తకంలాంటి డైరీ

మా తాతగారిది తూర్పు గోదావరి జిల్లా. "తాతయ్య బర్మాలో తుపాకీ పట్టి జపానువాళ్లతో పోరాడాడు" అన్నది మా ఇంట్లో ప్రతి పెళ్లిలోనూ వినిపించే మాట. ఆయన పోయిన చాలా ఏళ్లకు డైరీ నా చేతికొచ్చింది. అరచేతిలో పట్టేంత నోటుబుక్కు, పెన్సిలు రాత, భాష తెలుగే. తెరిచి చూస్తే తుపాకీ మాటే లేదు. పెట్రోలు డబ్బాల లెక్కలు, పిండి బస్తాలు, టైరు పంక్చర్లు, ఇంటికి చేసిన మనియార్డర్లు. "ఇదేం డైరీరా, కిరాణాకొట్టు చిట్టాలా ఉంది" అన్నారు మా బాబాయి. ఆయన మాటలో నిరాశ నాకు తెలుస్తూనే ఉంది. నాకూ అలాగే అనిపించింది మరి.

తాతగారు రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరు. సైన్యానికి తిండి, ఇంధనం చేరవేసే విభాగం అది.

డైరీలో ఓ వాక్యం మాకు ఎంతకీ అర్థం కాలేదు: "ఓకేడోకు దాటాం. ఎనిమిది లారీలు." ఓకేడోకు అంటే ఊరా, నదా, మనిషి పేరా? బర్మా మ్యాపులో అలాంటి పేరే లేదు. ఓ ఆదివారం మా అమ్మాయి తెలుగు చదవడం ప్రాక్టీసు చేస్తూ, ఆ మాటను ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివి, ఫక్కున నవ్వింది. "నాన్నా, ఇది ఓకీడోకీ కదా!"

నవ్వులాటగా అన్న ఆ మాటే తాళంచెవి అయింది. అరకాన్‌లో మయూ కొండల మీదుగా ఙాక్యెడౌక్ అనే కనుమ ఉంది. ఆ పేరు నోరు తిరగని బ్రిటిష్ సిపాయిలు దాన్ని ఓకీడోక్ కనుమ అని పిలుచుకునేవారు. మా తాతగారు విన్నది విన్నట్టు తెలుగు లిపిలో పెట్టుకున్నారు.

అందుకే మొదటి సలహా ఇది: మ్యాపు తీసే ముందు డైరీని పైకి చదివించండి. కళ్లకు దొరకని పేరు చెవికి దొరుకుతుంది. ఆ తర్వాత పాత పేర్లకు కొత్త పేర్లు వెతకండి. అక్యాబ్ ఇప్పుడు సిత్వే, అరకాన్ ఇప్పుడు రఖైన్, రంగూన్ ఇప్పుడు యాంగోన్.

తేదీ లేని పేజీలు

తాతగారు చాలాచోట్ల ఇంగ్లీషు తేదీ వెయ్యలేదు, తిథి వేశారు. "మాఘ పున్నమికి రెండ్రోజుల ముందు" అని ఓచోట ఉంది. మొదటి పేజీలో స్వభాను సంవత్సరం అని రాశారు కాబట్టి, అది 1944 మాఘం. ఆ ఏడాది మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 9 ప్రాంతంలో వచ్చింది. అంటే ఆ పేజీ ఫిబ్రవరి 7కు అటూఇటూగా రాసినది. పంచాంగం చూడడం పిల్లలకు పండగల పాఠంలో ఎలాగూ చెబుతాం. అది ఇలా చరిత్రకు కూడా పనికొస్తుందంటే వాళ్లు భలే సరదాపడతారు.

డైరీలో గంటలు కూడా ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా మన దేశంలో గడియారాలను గంట ముందుకు జరిపారు.

రెండో డైరీ

సిపాయి రాసుకునే డైరీ వేరు, "వార్ డైరీ" వేరు. యుద్ధరంగంలో ప్రతి యూనిట్‌లోనూ ఓ అధికారి ఏ రోజు ఎక్కడున్నారు, ఏ ఆజ్ఞ వచ్చింది, ఎంతమంది గాయపడ్డారు అన్నది రోజువారీగా రాసి పైకి పంపాలి. ఆగ్నేయాసియా రంగానికి చెందినవి లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 అనే వరుసలో ఉన్నాయి. రీడర్స్ టికెట్ తీసుకుంటే ఎవరైనా చూడొచ్చు, ఫోన్‌తో ఫోటోలు తీసుకోవచ్చు. చిన్న కంపెనీ డైరీ దొరక్కపోతే దాని పైనున్న డివిజన్ డైరీ అడగండి.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. అందులో మామూలు సిపాయిల పేర్లు అరుదు. మీ తాతగారి పేరు కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఆయన ఉన్న చోటు, ఆ రోజు కోసం వెతకండి.

సొంత డైరీ, వార్ డైరీ పక్కపక్కన పెట్టి, ఓ కాగితం మీద మూడు గళ్లు గీయించండి: తేదీ, తాతగారి మాట, సైన్యం మాట. అప్పుడు చిట్టాపుస్తకం మాట్లాడడం మొదలెడుతుంది.

ఆ ఫిబ్రవరిలో ఏం జరిగింది

1944 ఫిబ్రవరి మొదటివారంలో జపాను సైన్యం 7వ ఇండియన్ డివిజన్ వెనకవైపుకు చుట్టుముట్టి వచ్చింది. కనుమ దారి తెగిపోయింది. దానికి తూర్పున సింజ్వేయా అనే చోట సరుకుల డిపోలు, ఆస్పత్రి, లారీలు, కంచరగాడిదలు ఉన్న మైదానం ఉండేది. అది యుద్ధం కోసం ఏర్పాటైన చోటు కాదు. అయినా దాన్నే కోటగా చేసుకోవలసి వచ్చింది. చరిత్రలో దాన్ని "అడ్మిన్ బాక్స్" అంటారు. గుమస్తాలు, డ్రైవర్లు, మెకానిక్కులు కూడా తుపాకులు పట్టుకుని కందకాల్లో కూర్చున్నారు. తిండీ మందుగుండూ విమానాల నుంచి పారాచూట్లతో దించారు. ఫిబ్రవరి 7 రాత్రి జపాను సైనికులు అక్కడి ఆస్పత్రిలో చొరబడ్డారు. రోగులనూ వైద్య సిబ్బందినీ చంపారు. దాదాపు మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 23 నాటికి కనుమ మళ్లీ తెరుచుకుంది.

ఇప్పుడు "పున్నమికి రెండ్రోజుల ముందు" అన్న పేజీ చూడండి. అందులో ఉన్నది ఒక్క ముక్క: "ఆస్పత్రి వైపు నుంచి కేకలు." తర్వాత మూడు పేజీలు ఖాళీ. ఆ తర్వాత: "ఆకాశం నుంచి బస్తాలు. లెక్క రాసుకున్నా."

మా ఇంటి కథ పూర్తిగా అబద్ధం కాదన్నమాట. ఆయన చేతికీ తుపాకీ వచ్చే ఉంటుంది. కానీ ఆయన రాసుకున్నది అది కాదు.

ఖాళీ పేజీలు

ఆ మూడు పేజీలు చూసి మా అమ్మాయి అడిగింది: "ముత్తాత ఎవరినైనా చంపాడా?"

ఇలాంటి ప్రశ్న మీ తరగతిలోనూ వస్తుంది. పిల్లలను ఊరుకోబెట్టడానికి "లేదమ్మా" అనాలనిపిస్తుంది, ఇంటి గౌరవం కోసం "అవును, వీరుడు" అనాలనిపిస్తుంది. రెండూ వద్దు. "డైరీ చెప్పలేదు. వార్ డైరీలోనూ లేదు. మనకు తెలీదు" అని నేను చెప్పాను. కాసేపు ఊరుకుని, "మరి ఎందుకు రాయలేదు?" అంది. దానిమీద మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఖాళీ పేజీని మనం నింపకూడదు గానీ, దాని ముందు పిల్లలతో కలిసి కాసేపు కూర్చోవచ్చు.

ఇంకో చిక్కుకూ సిద్ధంగా ఉండండి. అదే అరకాన్‌లో జపాను సైన్యంతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలూ ఉన్నాయి. మలయా నుంచి ఆ ఫౌజులో చేరినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. అదే మలయా తోటల నుంచి జపానువాళ్లు సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించిన కూలీల్లోనూ ఉన్నారు. మన బడిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లల ముత్తాతలు చెరోవైపు ఉండి ఉండొచ్చు. ఎవరు దేశభక్తుడు, ఎవరు కాదు అని తరగతిలో తీర్పు పెట్టకండి. "అప్పుడు ఆయనకు ఎన్నేళ్లు? ఇంట్లో ఎంతమంది? ఎందుకు చేరాడు?" అని ఇద్దరినీ అవే ప్రశ్నలు అడగండి.

డైరీ లేని ఇళ్లకు

డైరీ లేకపోయినా ఫరవాలేదు. పతకం ఉంటే ఎక్కడ పనిచేశారో తెలుస్తుంది. బర్మా స్టార్ వేరు, ఆఫ్రికా స్టార్ వేరు. యుద్ధంలో చనిపోయినవారి పేర్లు కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకొచ్చు. మన పేర్లను ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ ప్రయత్నించండి. మద్రాస్ సాపర్స్‌లో ఉంటే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆ దళాల కేంద్రాలు. సైన్యంలో ఎవరూ లేకపోయినా అమ్మమ్మలనూ నాయనమ్మలనూ వాళ్ల పెద్దవాళ్లు చెప్పిన మాటలు అడిగించండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఊళ్లు ఖాళీ చేసి బళ్లు కట్టుకుని వెళ్లిన కథలు కోస్తా ఇళ్లల్లో ఇప్పటికీ ఉన్నాయి.

వచ్చే నెల తరగతికి ప్రతి పిల్లా పిల్లాడూ ఒకే ఒక్క వాక్యం తెచ్చేలా చూడండి. ఉత్తరంలోదైనా, ఫోటో వెనకదైనా, నాయనమ్మ నోటిదైనా సరే. దాన్ని పైకి చదివి, తేదీ కట్టి, పక్కన ఇంకో ఆధారం పెట్టాలి. అంతే పాఠం.

మా తాతగారి డైరీలో ఓకేడోకు మాట ఇంకోసారి వస్తుంది, శివరాత్రి వెళ్లిన తర్వాత: "ఓకేడోకు దాటాం. మూడు లారీలు."

వెళ్లేటప్పుడు ఎనిమిది. మిగతా అయిదింటికి ఏమైందో, వాటిని నడిపినవాళ్లకు ఏమైందో ఆయన రాయలేదు. కాలిపోయి ఉండొచ్చు, మరమ్మతుకు ఆగి ఉండొచ్చు, వేరే దళానికి ఇచ్చేసి ఉండొచ్చు. కానీ లెక్క మాత్రం రాశారు. ఈమధ్య ఆ రెండు పేజీలూ బాబాయికి ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూపించాను. ఈసారి ఆయన కిరాణాకొట్టు మాట ఎత్తలేదు.