విని ఊరుకోవడం నేరమైన కథ

పిల్లల మీద చెయ్యి వేసినవాడికి శిక్ష వేయడం ఏ దేశంలోనైనా పాత సంగతే. ఆ సంగతి తెలిసి కూడా కాగితం సొరుగులో పెట్టి కూర్చున్న పెద్దమనిషికీ శిక్ష పడాలన్న ఆలోచన మాత్రం నిన్నమొన్నటిది. అది బలపడడానికి అమెరికాలో ఒక ఫుట్‌బాల్ మైదానం, హర్యానాలో ఒక టెన్నిస్ కోర్టు, రాజస్థాన్‌లో ఒక పల్లె కారణమయ్యాయి. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో కూతుర్ని కబడ్డీకి, ఖోఖోకి పంపుతున్న మన తెలుగు ఇళ్లకు ఈ కథతో చాలా పనుంది.

ముందు ఫుట్‌బాల్ మైదానం సంగతి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీని అందరూ పెన్ స్టేట్ అంటారు. అక్కడి స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. 1966 నుంచి జో పటర్నో అనే ఆయనే ప్రధాన కోచ్. ఆ ఊళ్లో యూనివర్సిటీ అధ్యక్షుడి కంటే ఆయన మాటే ఎక్కువ చెల్లేది. ఆయన కింద ఏళ్ల తరబడి పనిచేసిన జెర్రీ శాండస్కీ 1977లో పేదింటి పిల్లల కోసం ఒక సేవా సంస్థ పెట్టాడు. 1999లో రిటైరయ్యాడు. అయినా లాకర్ గదుల్లోకి వెళ్లివచ్చే వీలు అలాగే ఉండిపోయింది. సంస్థ పిల్లల్ని అక్కడికే తెచ్చేవాడు.

1998లో ఒక తల్లి, పదకొండేళ్ల కొడుకు తడి జుట్టుతో ఇంటికి రావడం చూసింది. ఎందుకు తడిసిందిరా అని అడిగింది. జవాబు విని శాండస్కీ మీద యూనివర్సిటీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. విచారణ జరిగింది, కేసు మాత్రం పెట్టలేదు. ఆ విచారణ సంగతి యూనివర్సిటీ పైఅధికారుల దాకా వెళ్లింది.

మూడేళ్లు గడిచాయి. 2001 ఫిబ్రవరి 9, శుక్రవారం రాత్రి. మైక్ మక్వీరీ అనే కుర్ర సహాయకుడు షవర్ గదిలో శాండస్కీని ఒక పిల్లవాడితో చూశాడు. తెల్లారి పటర్నో ఇంటికి వెళ్లి చెప్పాడు. పటర్నో ఆ రోజే పైకి చెప్పలేదు. అధికారుల శని, ఆదివారాలు పాడుచేయడం ఇష్టం లేక ఆగానని తర్వాత గ్రాండ్ జ్యూరీ ముందు ఆయనే అన్నాడు. ఆనక క్రీడల డైరెక్టర్ టిమ్ కర్లీకి, వైస్ ప్రెసిడెంట్ గ్యారీ షుల్ట్జ్‌కి చెప్పాడు. వాళ్లు అధ్యక్షుడు గ్రాహం స్పానియర్‌కి చెప్పారు. శాండస్కీతో మాట్లాడాలి, అతని సంస్థకు తెలియజేయాలి, ప్రభుత్వ శిశు సంక్షేమ శాఖకు రాయాలి అని మొదట అనుకున్నారు. రెండు వారాల తర్వాత కర్లీ మనసు మార్చుకున్నాడు. జోతో మాట్లాడాక ప్రభుత్వానికి చెప్పడం తనకు నచ్చడం లేదని ఈమెయిల్ రాశాడు. అధ్యక్షుడు సరేనన్నాడు. ఇందులో ఒకటే చిక్కు, అతను దారికి రాకపోతే ఫిర్యాదు చేయనందుకు రేపు మన మీదికి వస్తుంది అన్న భావంతో ఆ ఈమెయిల్‌కి జవాబిచ్చాడు.

ఏం చేయాలో వాళ్లకు తెలుసు. చేయకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. చివరికి శాండస్కీని పిలిచి, పిల్లల్ని ఇక్కడికి తీసుకురావద్దని చెప్పి పంపించారు. ఆ రాత్రి షవర్ గదిలో ఉన్న పిల్లవాడు ఎవరు, ఇప్పుడెలా ఉన్నాడు అని ఒక్కరూ ఆరా తీయలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కుర్రవాడు కోచ్‌కి చెప్పాడు, కోచ్ డైరెక్టర్‌కి చెప్పాడు, డైరెక్టర్ అధ్యక్షుడికి చెప్పాడు. ప్రతివాడూ తన వంతు అయిపోయిందనే అనుకున్నాడు. అప్పటి పెన్సిల్వేనియా చట్టం కూడా అలాగే ఉండేది. ఉద్యోగి తన పైఅధికారికి చెబితే చాలు, ప్రభుత్వానికి చెప్పాల్సింది ఆ పైఅధికారి. మాట మెట్లెక్కుతూ పోయి, పై మెట్టు మీద ఆగిపోయింది.

ఆగిన మాట బయటపడడానికి పదేళ్లు పట్టింది. 2011 నవంబర్‌లో శాండస్కీని అరెస్టు చేశారు. నవంబర్ 9 రాత్రి ధర్మకర్తల మండలి పటర్నోను తీసేసింది, స్పానియర్‌నూ సాగనంపింది. ఆ రాత్రే వేల మంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఒక టీవీ వ్యాన్‌ను బోర్లా పడేశారు. నష్టపోయిన పిల్లల కోసం కాదు, కోచ్‌ని తీసేశారన్న కోపంతో. పరువు జబ్బు పైవాళ్లకే ఉంటుందని ఎవరన్నా అంటే ఈ సంగతి గుర్తుచేయాలి.

2012 జూన్ 22న శాండస్కీ మీద 45 అభియోగాలు రుజువయ్యాయి. 30 నుంచి 60 ఏళ్ల జైలు. జులైలో ఎఫ్‌బీఐ మాజీ డైరెక్టర్ లూయిస్ ఫ్రీ నివేదిక ఇచ్చాడు. చెడ్డపేరు వస్తుందన్న భయంతోనే పెద్దలు దాచారని అందులో తేల్చాడు. ఆ వెంటనే కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఆరు కోట్ల డాలర్ల జరిమానా వేసింది, పటర్నో గెలుపుల్లో 111 కొట్టేసింది. 2015లో ఆ గెలుపులు తిరిగి ఇచ్చేసింది. నన్నడిగితే ఈ గెలుపులు కొట్టేయడం, తిరిగి కలపడం అంతా తెరముందు ఆట. అసలు పని తెర వెనక జరిగింది. 2014లో పెన్సిల్వేనియా చట్టం మార్చింది. పిల్లలతో పనిచేసే ఉద్యోగికి అనుమానం వస్తే ముందు తానే నేరుగా ప్రభుత్వానికి చెప్పాలి, ఆ తర్వాతే పైఅధికారికి. మెట్లెక్కే పద్ధతి పోయింది. 2017లో కర్లీ, షుల్ట్జ్ పిల్లల్ని ప్రమాదంలోకి నెట్టినట్టు ఒప్పుకున్నారు, స్పానియర్ దోషిగా తేలాడు. 2021లో ఆయన జైలుకు వెళ్లాడు. యూనివర్సిటీ అధ్యక్షుడు ఒక పిల్లవాడి సంగతి విని ఊరుకున్నందుకు జైలుకు వెళ్లడం చిన్న మార్పు కాదు.

మన దేశంలో ఈ కథ అంతకంటే ముందే మొదలైంది. 1990 ఆగస్టులో పంచకులలో పద్నాలుగేళ్ల టెన్నిస్ అమ్మాయి రుచికను, హర్యానా లాన్ టెన్నిస్ అసోసియేషన్ అధ్యక్షుడు, ఐజీ స్థాయి పోలీసు అధికారి ఎస్.పి.ఎస్. రాథోర్ తన ఆఫీసుకు పిలిచి వేధించాడు. అప్పటి డీజీపీ విచారించి, కేసు పెట్టాల్సిందేనని సెప్టెంబర్ మొదట్లోనే నివేదిక ఇచ్చాడు. ఆ నివేదిక అక్కడే పడి ఉంది. బడి అమ్మాయి పేరు తీసేసింది. అన్నను పోలీసులు దొంగతనం కేసుల్లో ఇరికించారు. 1993 డిసెంబర్‌లో రుచిక ప్రాణం తీసుకుంది. రాథోర్‌కి మాత్రం పదోన్నతులు ఆగలేదు, డీజీపీ దాకా ఎదిగాడు. 2009 డిసెంబర్ 21న సీబీఐ కోర్టు అతనికి ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. వెయ్యి రూపాయలు! పై కోర్టు శిక్షను ఏడాదిన్నరకు పెంచింది. నివేదిక తొక్కిపెట్టినవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. పిల్లల మీద నేరం సంగతి విని ఊరుకోవడమే నేరమని చెప్పే ప్రత్యేక సెక్షన్ అప్పటికి లేదు.

ఆ సెక్షన్ 2012లో వచ్చింది. అటు పెన్సిల్వేనియాలో శాండస్కీ కేసు నడుస్తున్న నెలల్లోనే ఇటు పార్లమెంటు పోక్సో చట్టం చేసింది. నవంబర్ 14న అది అమల్లోకి వచ్చింది. అందులో 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. అలా విని ఊరుకున్నవాడు ఒక సంస్థను నడిపే పెద్ద అయి, తన కింది ఉద్యోగి చేసిన తప్పును దాచితే ఏడాది దాకా. ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికీ ఇదే చట్టం. పద్దెనిమిది నిండని ఇంటర్ విద్యార్థి కూడా దీని కిందికే వస్తాడు.

పద్దెనిమిది దాటినవాళ్ల దారి వేరు. దానికి మూలం రాజస్థాన్‌లోని భటేరీ. 1992లో అక్కడ బాల్య వివాహం ఆపబోయిన ప్రభుత్వ కార్యకర్త భన్వరీ దేవి మీద అత్యాచారం జరిగింది. కింది కోర్టు నిందితులను వదిలేసింది. మహిళా సంఘాలు అంతకుముందే సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1997 ఆగస్టు 13న జస్టిస్ జె.ఎస్. వర్మ నాయకత్వంలోని ధర్మాసనం విశాఖ తీర్పు ఇచ్చి, ప్రతి పనిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. అది చట్టం కావడానికి పదహారేళ్లు పట్టింది. 2013 చట్టంలో ఒక వాక్యం చాలామంది కంట పడదు. పనిచోటు అంటే ఏమిటో చెప్పే సెక్షన్‌లో క్రీడా సంస్థ, స్టేడియం, శిక్షణ జరిగే చోటు, పోటీలు జరిగే చోటు అన్నీ ఉన్నాయి. అంటే మైదానం కూడా ఆఫీసే. కోచ్ మీద ఫిర్యాదు వస్తే, ఇది ఆటల సంగతి మేం చూసుకుంటాం అనడానికి వీల్లేదు.

కాలేజీల కోసం యూజీసీ విడిగా నిబంధనలు చేసింది, అవి 2016లో గెజిట్‌లో వచ్చాయి. అందులో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి ఎవరూ ఫిర్యాదుల కమిటీలో కూర్చోకూడదు. పెన్ స్టేట్‌లో మాట ఏ మెట్టు మీద ఆగిందో ఆ మెట్టునే తీసేశారన్నమాట. కమిటీకి పెద్దగా సీనియర్ అధ్యాపకురాలు ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి, విద్యార్థుల సంగతి అయితే ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు ఉండాలి, సంస్థతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు తప్పనిసరి. ఆ బయటి మనిషే ఈ కమిటీకి ప్రాణం. జీతం ఇచ్చేవాడి ముఖం చూడకుండా మాట్లాడగలిగేది ఆ ఒక్కరే.

కాగితం మీద అంతా బాగుంది. 2023 జనవరి 18న మల్లయోధులు వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు అసలు రంగు బయటపడింది. కుస్తీ సమాఖ్య అప్పటి అధ్యక్షుడు బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మీద వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన వాటిని కొట్టిపారేశారు. సుప్రీంకోర్టుకు వెళ్లాకే, ఏప్రిల్ 28న ఢిల్లీ పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాశారు. మైనర్ పేరుతో నమోదైన కేసును 2025 మేలో కోర్టు మూసేసింది, మిగతా మల్లయోధుల కేసులో 2024లోనే అభియోగాలు ఖరారయ్యాయి. తీర్పు సంగతి కోర్టుది. ఈ గొడవలో ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు పి.టి. ఉష, రోడ్డెక్కితే దేశం పేరు చెడుతుందన్న అర్థంలో మాట్లాడారు. పరుగుల రాణి నోట కూడా ముందు పరువు మాటే వచ్చింది.

ఆ వేడిలోనే 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో 16 చోట్ల చట్టం చెప్పినట్టు కమిటీ లేదని ఒక పత్రిక లెక్క తీసింది. కొన్నిటికి కమిటీయే లేదు, కొన్నిటికి బయటి సభ్యుడు లేడు. ఆ వార్త 2023 మే 12న సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. ఆ తీర్పు రాసింది జస్టిస్ హిమా కోహ్లి, అంతకుముందు తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినావిడ. ఆ కేసు గోవా యూనివర్సిటీలో ఒక ఆచార్యుడిది. కమిటీ హడావుడిగా, ఆయనకు తగినంత అవకాశం ఇవ్వకుండా విచారణ ముగించిందని కోర్టు ఆయన బర్తరఫ్‌ను కొట్టేసింది. కమిటీ లేకపోవడం ఎంత తప్పో, ఉన్న కమిటీ పద్ధతి తప్పడం కూడా అంతే తప్పు, చివరికి నష్టపోయేది ఫిర్యాదు చేసిన పిల్లలే. 2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం, ఆడపిల్లలకు, మైనర్లకు రక్షణ కల్పించే విధానం ఉండాలని క్రీడా సంఘాలకు చెప్పింది.

ఇక జోడ్‌భావి పేట్. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు మగ్గం పెట్టి, చద్దర్లు, టవళ్లు నేసి నిలబెట్టిన పేట. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. అమ్మాయి కాలేజీ టీముకు ఎంపికైందంటే ఆ రోజు గల్లీ అంతా పండగే. అదే అమ్మాయి ఒక సాయంత్రం ప్రాక్టీసు నుంచి వచ్చి రేపటినుంచి పోను అంటే, మన ఇళ్లల్లో వినిపించే మాట ఇది: "బిడ్డా, ఊకో. నలుగుట్ల పడితే రేపు నీ పెండ్లి ఎట్ల జేస్తం?" తల్లి చెడ్డది కాదు. ఆమెకు తెలిసిన రక్షణ అదొక్కటే. ఆ పైన కులపెద్దల దగ్గరికి పోతే, సార్‌ని పిలిచి గట్టిగా మందలించి పంపించేస్తారు. శాండస్కీకి పెన్ స్టేట్ చేసింది అచ్చం ఇదే. పిల్ల మైనర్ అయితే, ఆ మందలించి పంపిన పెద్దమనిషి మీదే కేసు పెట్టొచ్చని పేటలో ఎంతమందికి తెలుసు?

మరో మాట కూడా చెప్పాలి. పదిమంది కంటే తక్కువ పనివాళ్లున్న చోట కమిటీ అక్కర్లేదు. చిన్న శిక్షణ కేంద్రమైనా, నాలుగు సాంచాల కారఖానా అయినా అంతే. అలాంటి చోట పనిచేసే అమ్మకు, ఆడే కూతురికి జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంది. ఫిర్యాదు నేరుగా అక్కడ ఇవ్వొచ్చు. ఫిర్యాదు చేసే మనిషి ఉద్యోగి కానక్కర్లేదు, రాయలేని పరిస్థితిలో ఉంటే రాయడానికి కమిటీయే సాయం చేయాలి. కమిటీ పెట్టని యజమానికి యాభై వేల దాకా జరిమానా ఉంది.

కాబట్టి అడ్మిషన్‌కి వెళ్లిన రోజు ఫీజు కట్టే కిటికీ దగ్గర ఒక్క పని చేయండి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఎక్కడున్నాయో అడగండి. అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టంలోనే ఉంది. బయటి సభ్యుడి పేరు, ఫోన్ నంబర్ రాసుకోండి. అది లేదంటే ప్రిన్సిపాల్‌ని రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి. పిల్లలదైతే 1098కి ఫోన్ చేయండి. పద్దెనిమిది దాటిన ఆడవాళ్ల ఫిర్యాదుకు 2013 చట్టం ఇచ్చిన గడువు జరిగిన రోజు నుంచి మూడు నెలలు, సరైన కారణం చూపితే మరో మూడు నెలలు, అంతే.