సాక్షికి కళ్ళుంటే చాలా?

కౌలాలంపూర్ కోర్టులో మలయ్‌లో విచారణ సాగుతుంటే తెలుగు చెవికి రెండు మాటలు చటుక్కున తగులుతాయి: ‘సాక్సి’, ‘పెంజారా’. మొదటిది మన సాక్షే. రెండోది పంజరం, అక్కడ జైలుకు ఆ పేరు! సాక్షిలో ఉన్నది ‘అక్షి’, అంటే కన్ను. కళ్ళారా చూసినవాడన్నమాట.

మరి నిందితుడు పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యమవుతుందా? ఈ పేచీ వచ్చినప్పుడు మలేషియా కోర్టులు గుంటూరు జిల్లా కేసును ఉదహరిస్తుంటాయి. పులుకూరి కోటయ్య కేసు, 1946లో అప్పటి తుది అప్పీలు కోర్టు లండన్ ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు. బల్లెంతో పొడిచానని, దాన్ని దాచానని నిందితుడు చెప్పాడు, బల్లెం దొరికింది. ‘దాచాను, చూపిస్తాను’ అన్నంతవరకే చెల్లుతుంది, ‘పొడిచాను’ చెల్లదు అన్నారు న్యాయమూర్తులు. మన 1872 సాక్ష్య చట్టాన్ని ఒరవడిగా పెట్టుకున్న మలేషియా 1950 చట్టంలో ఈ నియమమున్న సెక్షన్ నంబరు కూడా మన చట్టంలోదే, 27.

సోదా దగ్గర మాత్రం ఇంత పట్టింపు లేదు. కెన్యా నుంచి వెళ్ళిన కురుమ కేసులో 1954లో అదే కౌన్సిల్, సోదా అక్రమమైనా దొరికిన వస్తువు కేసుకు సంబంధించిందైతే సాక్ష్యమేనంది. మలేషియా దాన్నీ పాటించింది. ఇది నాకు మింగుడుపడదు.