బస్సుల తగాదాలో పుట్టిన ఇన్సాఫ్

మా నానీ జిందగీలో బస్సెక్కిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాత గుంటూరు నుంచి చుట్టుగుంట వైపు మిర్చి షెడ్లకు నడిచే వెళ్లేది. పొద్దంతా తొడిమలు తీసి, మగ్రిబ్ వేళకు మళ్లీ నడిచే వచ్చేది. మండే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, "బస్సెక్కితే ఇక మజ్దూరీలో మిగిలేదేముంది బేటా" అనేది. ఈమధ్య ఒక పాత బస్సుల ముఖద్దమా చదువుతుంటే ఆమే యాదికొచ్చింది.

తెలంగాణలో నిజాం హుకూమత్ 1932లోనే 27 బస్సులతో సర్కారీ సర్వీసు మొదలుపెట్టింది. మన కోస్తాలో మాత్రం బస్సులు ఖానగీ మాలికుల చేతిలోనే ఉండేవి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది. దానికి కొంచెం ముందే, 1957 చివర్లో, పక్కనున్న కృష్ణా జిల్లా రూట్లను సర్కారు తీసుకునే స్కీము బయటికొచ్చింది. 1956లో మోటారు వాహనాల చట్టంలో కొత్తగా చేర్చిన అధ్యాయం ప్రకారం ఇలాంటి స్కీమును ముందు ప్రచురించాలి. దానివల్ల నష్టపోయేవాళ్లు 30 రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వొచ్చు. సర్కారు సునవాయీ జరిపాకే ఫైసలా చేయాలి.

సునవాయీ జరిగింది. కానీ విన్నది రవాణా వ్యవహారాలు చూసే సెక్రెటరీ, ఫైసలా చేసింది ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మాలికుల మాటలు ఆయన చెవిన పడలేదు. ఆయన ముందుకొచ్చింది కాగితాలే. గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు మాలికులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1958 నవంబరులో ఫైసలా వచ్చింది. రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. 1954లో మన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి చీఫ్ జస్టిస్ ఆయనే.

ఆయన చెప్పిన బాత్ సీదా: ఒకరు విని, మరొకరు ఫైసలా చేస్తే ఆ సునవాయీ ఉత్త తంతు. ఎదుట నిలబడి మాట్లాడేవాణ్ని చూసి, సందేహం వస్తే అడిగి తీర్చుకునే మౌఖా ఫైసలా చేసేవాడికే ఉండాలి. మంజూరైన స్కీము కొట్టేశారు. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. "ఈయన ముందే నిర్ణయించుకున్నాడు, తరఫ్‌దారీ చేస్తున్నాడు" అని మాలికులు మళ్లీ కోర్టుకెళ్లారు. 1959లో ఆ ఇల్జామ్‌ను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బస్సులు సర్కారువయ్యాయి. ఉసూల్ మాత్రం నిలిచింది. ఇప్పటికీ లా కాలేజీల్లో 'గుల్లపల్లి కేసు' చెబుతారు.

మరి ఆ సునవాయీలో పాసింజరు ఎక్కడున్నాడు? ముఖద్దమా నిండా వినిపించేవి రెండే ఆవాజులు, బస్సు మాలికులది, సర్కారుది. టికెట్ కొనేవాడు లేడు. టికెట్ కొనలేక నడిచే మా నానీ లాంటివాళ్లు అసలే లేరు. 1988 చట్టం వచ్చాక తలుపు కొంచెం తెరుచుకుంది. ఇప్పుడు ఆర్టీసీ స్కీముపై 30 రోజుల్లో 'ఎవరైనా' అభ్యంతరం చెప్పొచ్చు. స్కీమును ఆ ప్రాంతపు భాషా పత్రికలో కూడా వేయాలి. వేస్తారు కూడా. ఇరవై ఏళ్లుగా అఖ్బార్లలో నౌకరీ చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా, టెండర్ల పక్కన చీమల బారులాంటి అక్షరాల్లో! మన ముహల్లాల్లో ఆ పేజీ చదివేది ఎవరు? సమోసాలు కట్టడానికి పనికొస్తుంది.

రోడ్డు మీది గరీబుకు చట్టం కుర్సీ వేయలేదా అంటే, ఒకచోట వేసింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో కనీసం 40 శాతం తోపుడుబండ్ల వాళ్లూ, ఫుట్‌పాత్ వ్యాపారులూ ఉండాలి. అందులో మూడో వంతు ఔరతులు. మన ఫళ్ల బండ్ల భాయిలు ఎంతమంది ఆ కమిటీల గురించి విన్నారో అడిగి చూడండి.

ఇప్పుడు శంకర్‌విలాస్ వంతెన సంగతి. అది కూడా 1958లో కట్టిందే. కొత్త వంతెనకు 2025లో శంకుస్థాపన జరిగింది, పాతది మూసేశారు. వెడల్పు ఎంతుండాలి, కింద రైలు దారికి అండర్‌పాస్ కావాలా, దుకాణాలు ఎంత పోతాయి అని గట్టిగానే బహస్ నడిచింది. దుకాణదారుల బాధ నిజమే, తరాల రోజీ అది. 2013 భూసేకరణ చట్టం కూడా భూమి, జీవనోపాధి పోయేవాళ్లనే అడగమంటుంది. రోజూ కాలినడకన, సైకిల్ మీద దాటేవాళ్లు ఆ లెక్కలోకి రారు. నా చెవిన పడ్డ అర్జీల్లోనూ వాళ్ల జిక్ర్ తక్కువే. దారిలో ముల్లు తీసేయడం కూడా సదఖా అని పిల్లలకు హదీసు చెబుతాం. ఆ ముల్లు ఎక్కడుందో చెప్పడానికి మాత్రం దఫ్తర్ మెట్లెక్కం. ఇందులో నేనూ ఉన్నాను.

మొన్న వానకు మూడు వంతెనల దగ్గర నీళ్లు నిలిచాయి. ఒక ఖాలా చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడి, "ఇది ఎవరికి చెప్పాలి బేటా?" అని అడిగింది. వెంటనే జవాబు తోచలేదు. పక్కనున్న చాయ్ బంకులో కూర్చుని అర్జీ రాశాను. వేలిముద్ర వేస్తుందేమో అనుకున్నా. కలం అడిగి తీసుకుని, ఉర్దూలో దస్తఖత్ చేసింది.