పాటలో నడుము, ఇంట్లో కంచం



మా మర్పల్లిలో ఈమధ్య ఒక పెళ్లికి వెళ్లాను. ముందురోజు రాత్రి ఆడపిల్లలంతా సినిమా పాటలకు డాన్సు చేస్తున్నారు. పెళ్లికూతురు చెల్లెలు, ఇంటరు చదివే పిల్ల, నాలుగడుగులు వేసి దభీమని కూలబడింది. నీళ్లు చల్లి, లేపి కూర్చోబెట్టి అడిగితే సంగతి తెలిసింది. పాటలో హీరోయిన్ లాగా సన్నటి నడుము కావాలని నెలరోజులుగా రాత్రిపూట అన్నం మానేసిందట! తర్వాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 మాత్రమే ఉంది. వాళ్ల మేనత్త మాత్రం "ఏం కాదు వదినా, ఇప్పుడైనా కాస్త సన్నబడింది" అని మురిసిపోయింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. పాటకూ, ఒంటికీ, జబ్బుకూ ఈ చుట్టరికం ఎలా కలిసిందా అని ఆలోచించాను. నాకు తెలిసినంత మీతో చెబుతాను.

మన అమ్మమ్మల కాలంలో ఆడపిల్ల బక్కపడితే భయం. కారణం క్షయ. ఆ మాటకే అర్థం తరిగిపోవడం. మాకు దగ్గర్లోని అనంతగిరి కొండ మీద నిజాం కాలంలో క్షయరోగులకు శానటోరియం వెలిసింది. వికారాబాద్ గాలే లక్షలమంది రోగులకు మందు అనే నానుడి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. అలాంటి రోజుల్లో పిల్ల చిక్కిపోతే ఇంటిల్లిపాదికీ దిగులు. కాస్త ఒళ్లు చేస్తే "కళ వచ్చింది" అని సంబరం.

సినిమాలూ అలాగే ఉండేవి. భానుమతి, సావిత్రి నిండుగా ఉండేవారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో దాగిన ఘటోత్కచుడిగా సావిత్రి ఆడిన ఆటపాట గుర్తు తెచ్చుకోండి. ఆమె నడుము కొలత ఎవరైనా అడిగారా? అదే సినిమాలో ఎస్.వి. రంగారావు పెళ్లివంటల ముందు కూర్చుని, మాధవపెద్ది సత్యం గొంతుతో పాడే పాట ఉంది. భారీ మనిషి అంత ఆనందంగా తింటూంటే పిల్లాపెద్దా కలిసి నవ్వుతారు గాని వెక్కిరించరు. 1962లో ఎన్.టి. రామారావు, అక్కినేని, సావిత్రి, జమున నలుగురూ నటించిన సినిమాకు సూర్యకాంతం వేసిన పాత్ర పేరే పెట్టారు. అదే 'గుండమ్మ కథ'.

అలాగని ఆ రోజులన్నీ బంగారమనుకోకండి. లావుపాటి ఆడమనిషికి దక్కిన వేషాలు ఎక్కువగా గయ్యాళివో, హాస్యానివో. మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటల్లోనూ ఒంటి మీద విసుర్లు తక్కువేం కాదు. అంత అందంగా నిండుగా ఉన్న సావిత్రిగారు కూడా చక్కెర జబ్బుతో బాధపడి, ఏడాదికి పైగా స్పృహలేకుండా ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూశారు. ఒళ్లు మెచ్చుకున్నంత మాత్రాన రోగం రాకుండా పోదు.

ఇంకొక సంగతి. అప్పట్లో పాట అంటే పని కూడా. ఇసుర్రాయి తిప్పుతూ, వడ్లు దంచుతూ, నాట్లు వేస్తూ పాడేవారు. పాట సాగినంతసేపూ ఒళ్లు కదిలేది. గిర్ని వచ్చాక ఇసుర్రాయి మూలకు చేరింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల ఆకలి తీరింది, మంచిదే. కాని జొన్నరొట్టె తినే మా ప్రాంతంలోనూ మూడుపూటలా అన్నమే అయింది. పాటేమో రేడియోలోకీ, టీవీలోకీ వెళ్లిపోయింది. మనం కూర్చుని వింటున్నాం, కూర్చుని చూస్తున్నాం.

ఇక పరాయి దేశాల కథ వినండి. అమెరికాలో 'మామాస్ అండ్ ద పాపాస్' అనే బృందంలో కాస్ ఇలియట్ అనే గాయని ఉండేది. బాగా లావు. గొంతు బంగారం. కడుపు మాడ్చుకుని బరువు తగ్గాలని ఎన్ని పాట్లు పడిందో. 1974లో గుండె ఆగి చనిపోతే, ఏదో తింటూ గొంతులో అడ్డుపడి పోయిందని లోకం వదంతి పుట్టించింది. అది అబద్ధం. చచ్చాక కూడా ఆమె ఒంటిని చూసి నవ్వారన్నమాట! తొమ్మిదేళ్లకు, 1983 ఫిబ్రవరిలో కారెన్ కార్పెంటర్ అనే మరో గాయని చనిపోయింది. ఈమె తిండి మానేసే జబ్బుతో ఎముకల గూడై, గుండె దెబ్బతిని పోయింది. ఇద్దరికీ 32 ఏళ్లే. ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరి ప్రాణమూ గుండె దగ్గరే పోయింది. కారెన్ మరణం తర్వాతే అక్కడి తల్లిదండ్రులకు ఆ జబ్బు పేరు బాగా తెలిసింది.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో మనింటి పిల్లలాగా కనిపించిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో మరణించింది. అప్పటికి 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' వచ్చింది. అందులో అనుష్క నిజంగానే బరువు పెరిగి, సన్నబరుస్తామని చెప్పి ఒళ్లు గుల్ల చేసే క్లినిక్ మీద పోరాడే అమ్మాయిగా నటించింది.

ఈ మధ్య విదేశీ పాటల్లో లావు ఒంటిని మెచ్చుకునే ధోరణి వచ్చింది. 2014లో మేఘన్ ట్రైనర్ పాడిన పాట దేశదేశాలా మోగింది. అయితే అందులో బక్కపిల్లలకు చురక తగిలిందని కొందరు నొచ్చుకున్నారు. ఒకరిని మెచ్చుకోవడానికి ఇంకొకరిని వెక్కిరించడం మన వియ్యాలవారి పాటల పద్ధతే కదూ!

"లావును మెచ్చుకుంటే రోగాలు పెరగవా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది అధిక బరువు, 19 మంది ఉండవలసిన దానికన్నా బక్క, 57 మందికి పైగా రక్తహీనులు. అంటే ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు కష్టాలూ ఉన్నాయి. లావుగా ఉన్న తల్లికీ రక్తం తక్కువ ఉండవచ్చు. ఈ రెండింటికీ సిగ్గుపరచడం మందు కాదు. వెక్కిరింపు పడలేక డాక్టరు దగ్గరకే పోనివాళ్లు, దిగులుతో ఇంకా తినేవాళ్లు ఉన్నారని వైద్యులే చెబుతారు.

పాట ధైర్యం ఇస్తుంది, చక్కెరను కొలవదు. కొలవడం మన పని. ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. టేపు ఇంట్లోనే ఉంటుంది. ఏడాదికోసారి రక్తం, చక్కెర, బీపీ చూపించుకుందాం. జొన్నరొట్టె, మా తాండూరు కందిపప్పు, ఆకుకూర కంచంలోకి మళ్లీ తెచ్చుకుందాం. అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే అలవాటు మానుకుందాం.

ఆ పిల్ల ఇప్పుడు రాత్రిపూట రొట్టె తింటోంది, ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. డాన్సు మానలేదు, మానవద్దనే చెప్పాను. మేనత్తను మాత్రం ఒక్కటి కోరాను: "ఈసారి దాన్ని చూసినప్పుడు సన్నబడ్డావా, లావయ్యావా అనకండి. తిన్నావా అని అడగండి." మీరూ మీ ఇంట్లో అలాగే అడిగి చూడండి.

(రేడియో ప్రసంగ పాఠం)