కుటుంబ వైద్యుడు: పాత ఆశయం, ఆలస్యమైన శిక్షణ

2021 మే నెలలో కృష్ణపట్నం పేరు దేశమంతటా మారుమోగింది. కోవిడ్ రెండవ విజృంభణ వేళ, ఆనందయ్య మందు కోసం వేలాదిమంది ఆ రేవు గ్రామానికి తరలివచ్చారు. ప్రభుత్వం పంపిణీని నిలిపివేసి, పరిశీలన జరిపించి, నెలాఖరున కంటి చుక్కలు మినహా మిగిలిన మందులకు అనుమతినిచ్చింది. ఆ మందు గుణదోషాలు ఇక్కడి విషయం కావు. భయం ముంచుకొచ్చినప్పుడు "ఏం చేయమంటారు?" అని అడగడానికి తెలిసిన వైద్యుడంటూ ఎన్నో ఇళ్లకు లేడన్నది అసలు విషయం. అటువంటి వైద్యుణ్ణి తయారుచేయాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1920వ దశకంలోనే, పల్లెల్లో స్థిరపడే వైద్యులకు ప్రభుత్వం భత్యమిచ్చే పథకం ఉండేది. ఆనాటి పల్లెలు ఎరిగిన డాక్టర్లలో చాలామంది ఎల్.ఎం.పి. చదివినవారు. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ ఆ చదువును తొలగించి, దేశమంతటికీ ఒకే స్థాయి వైద్యుడు ఉండాలని, అతనికి నివారణ, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఇవ్వాలని సూచించింది. ఆశయం ఉన్నతమైనదే. కాని ఆ వైద్యుని చదువు పెద్దాసుపత్రి వార్డుల్లోనే సాగింది. అక్కడ రోగం కనబడుతుంది, రోగి ఇల్లు కనబడదు.

అమెరికా 1969లో కుటుంబ వైద్యాన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. బ్రిటన్ 1976లో చేసిన చట్టం జనరల్ ప్రాక్టీసుకూ ప్రత్యేక శిక్షణను తప్పనిసరి చేసే బాట వేసింది. మన దేశంలో నేషనల్ బోర్డు మూడేళ్ల డి.ఎన్.బి. కోర్సును ఏర్పరచింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, పనిలో ఉన్న వైద్యులకు దూరవిద్య ద్వారా ఈ శాస్త్రం బోధించింది. ఈ శాఖలో పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సులను ప్రోత్సహించాలని 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కూడా చెబుతోంది. అయినా నేటికీ అనేక వైద్య కళాశాలల్లో ఈ శాఖే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్‌లో పూర్తిస్థాయిలో ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు 104 వాహనంతో గ్రామానికి వెళ్లడం మంచి మార్పు. అయితే వాహనం వైద్యుణ్ణి ఊరికి చేర్చగలదు గాని, కుటుంబ వైద్యునిగా మార్చలేదు. రక్తపోటుకు మాత్ర రాయడం ఎం.బి.బి.ఎస్. నేర్పుతుంది. రోగి ఆ మాత్ర ఎందుకు మానేశాడో రాబట్టడం, బొగ్గు దిగే రేవులో పనిచేసేవాడు దగ్గుతో వస్తే ముందుగా అతని పని గురించి అడగడం, ఏ రోగిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో నిర్ణయించడం వేరే శిక్షణతో వచ్చే విద్యలు.

వైద్యునిపై నమ్మకం ఒక్కరోజులో పుట్టదు. శిక్షణ పొందిన వైద్యుడు ఒకేచోట కొన్నేళ్లు నిలిచినప్పుడే అది వేళ్లూనుతుంది. మరో మహమ్మారి రాకముందే ఈ రెండింటినీ సమకూర్చుకోవాలి.