ధార్వాడవారి పాకలో రత్నావళి

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు విధములని మన పెద్దలు విభజించిరి. నాటకము దృశ్యకావ్యము, కన్నులార చూడవలసినది. అయినను ఆంధ్రదేశమున సంస్కృత నాటకములు చిరకాలము పండితుల యిండ్లలోని తాటాకు ప్రతులయందే నిలిచియుండెను. శిష్యుడు శ్లోకమునకు అన్వయము చెప్పుటయు, గురువు అలంకారమును నిరూపించుటయు జరుగుచుండెనేగాని, సాగరిక రంగమునకు వచ్చి పలుకుట అరుదు. మఱియొకవైపున యక్షగానములు, వీథినాటకములు, తోలుబొమ్మలాటలు జనులను రాత్రియెల్ల మేలుకొలుపుచుండెను. గ్రంథము నెఱిగినవారికి ఆట రాదు; ఆట నేర్చినవారికి ఆ గ్రంథములు అందవు. ఈ రెంటికిని నడుమ వంతెన పడిన తావులలో ముఖ్యమైనది గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరము.

1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు ఆ పట్టణమునకు వచ్చి నాటకములాడిరి. వారు నాటకమే జీవనముగా గలవారు. చూచువారి ఆదరమే వారికి గ్రాసము. వారి భాష తెలుగు కాదు. అయినను వారి వేషమును, నడకను, రంగము నడుపు తీరును చూచిన తెలుగువారికి మన భాషయందును ఇట్టివి ఏల ఆడరాదను తలంపు కలిగెను.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు అప్పుడు అచ్చటి ప్రభుత్వ పాఠశాలలో ఆంధ్రపండితులు. 1848లో జన్మించిన వారు 1874లోనే వివేకవర్ధని పత్రికను స్థాపించి, సంఘదోషములతో పోరుచుండిరి. ధార్వాడవారు వెడలిపోవుచు తమ నాటకపు పాకను విడిచిపోయిరి. పంతులుగారు దానిని వ్యర్థము కానీయక, విద్యార్థులను కూర్చుకొని అందు తెలుగు నాటకములాడించిరి. వానిలో నొకటి శ్రీహర్షుని రత్నావళికి వారి తెనిగింపు. రెండవది షేక్స్పియరు రచించిన కామెడీ ఆఫ్ ఎర్రర్సును తెలుగునకు మార్చిన చమత్కార రత్నావళి.

ఏడవ శతాబ్దమునాటి రత్నావళి నాలుగంకముల నాటిక. సింహళ రాజపుత్రి ఓడ మునిగి, దిక్కు తప్పి, వత్సరాజు అంతఃపురమున సాగరికయను పేర దాసియై యుండును. ఆమె రాణి వాసవదత్త వేషమున రాజును కలిసికొన నిశ్చయింపగా, నిజమైన రాణియే ముందుగా వచ్చును. ఈ వేషముల తారుమాఱు పుస్తకమున చదివినచో చిఱునవ్వు వచ్చును. ఎదుట జరిగినచో సభ యెల్ల నవ్వును. చమత్కార రత్నావళియందును కవలల పోలికవలన పుట్టిన పొరపాటులే కథకు ప్రాణము. చదువు రానివాడును అనుభవింపదగిన హాస్యమిది.

అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులు. వీనిలో వాచికమును పండితుడు బోధింపగలడు. పదమును ఎచ్చట విఱువవలెనో, ఏ యర్థమునకు ఏ స్వరమో చెప్పగలడు. వేషము కట్టుట, వెలుగు పడుచోట నిలుచుట, కడపటి వరుసవానికి వినబడునట్లు పలుకుట మాత్రము ఆడినవారిని చూచి నేర్వవలసిన విద్య. ధార్వాడవారు విద్యార్థులను కూర్చుండబెట్టి పాఠము చెప్పిరని కాదు. ఆడి చూపిరి, ఆడుటకు చోటు విడిచిరి. పండితుని గ్రంథమునకు నటుని రంగము తోడైనది.

స్త్రీ పాత్రలనుగూడ పురుషులే ధరించు కాలమది. వేషము వేయుట కులీనులకు తగదను వారు పెక్కుమంది. చదువుకొనుచున్న పిల్లలు ముఖమునకు రంగు పూసికొని జనులయెదుట నిలుచుటకు ధైర్యము కావలెను. ఉపాధ్యాయుడే ముందు నిలుచుటచేత ఆ ధైర్యము వారికి కలిగెను.

పిమ్మట నాటకము తెలుగునాట వేళ్లూనెను. మచిలీపట్టణమున నాదెళ్ల పురుషోత్తమకవి హిందూస్థానీ భాషలో నాటకములు రచించెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యుల చిత్రనళీయము 1887లో ప్రదర్శితమయ్యెను. 1892లో విజయనగరమున గురజాడ అప్పారావు పంతులుగారి కన్యాశుల్కమును జగన్నాథవిలాసినీ సభవారు ఆడిరి.

1919లో కీర్తిశేషులైన పంతులుగారిని దేశము మఱువలేదు, మఱువరాదు. కాని ఆ ధార్వాడ నటుల పేర్లు స్మరించువారు అరుదు. ఋణము వ్రాసి యుంచినను లేకున్నను ఋణమే. ఊరూర పాక వేసికొని తిరిగిన ఆ బాటసారులకు తెలుగు నాటకము బాకీపడి యున్నది.

గ్రంథాలయమున నాటకములకు ఒక అర కేటాయింపబడుట సాధారణము. ఆ అరలోని పుస్తకము చదువబడినప్పుడు సగము పని నెఱవేఱినట్లు. ఊరి పిల్లలచేత, ఆట తెలిసిన పెద్దల సాయముతో, నలుగురియెదుట ఆడబడినప్పుడు తక్కిన సగము నెఱవేఱును. మన యూళ్లలో భాగవతులును, హార్మోనియము వాయించువారును, వేషము కట్టనేర్చినవారును ఇంకను ఉన్నారు. వారు ఉండగనే వారిని పిలిచి గౌరవించి, వారివద్ద నేర్చుకొనుట చదువుకొన్న యువకుల ధర్మము. పాక విడిచిపోవువారు ప్రతి తరమునందును ఉందురు. దానిని దక్కించుకొనువారే కావలెను.