పసుపు కుంకుమ భూమి, ఆడపిల్ల వాటా

తెలుగునాట కుటుంబపు ఆస్తిలో కూతురికి ఏమి దక్కుతుందన్న ప్రశ్నకు శతాబ్దాల పాటు జవాబు చెప్పిన గ్రంథం మితాక్షర. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు కళ్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని ఏలుబడిలో రాసిన ఈ వ్యాఖ్యను, 13వ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తాత తండ్రుల నుంచి వచ్చిన ఆస్తిలో కొడుకు పుట్టుకతోనే వాటాదారు అవుతాడన్నది మితాక్షర సిద్ధాంతానికి మూలం. తర్వాతి కాలంలో న్యాయస్థానాలు కోపార్సెనరీ అని పిలిచిన ఈ పుట్టుహక్కుదారుల కూటమిలో తండ్రి, కొడుకులు, మనుమలు, మునిమనుమలు ఉంటారు గాని కూతురు లేదు. ఆమెకు పోషణ, పెళ్లి ఖర్చు మాత్రం కుటుంబం మీద బాధ్యతగా నిలిచాయి. పెళ్లిలోనూ ఆ తర్వాతా పుట్టింటివారు, మెట్టినింటివారు ఇచ్చిన స్త్రీధనం మీద మాత్రం ఆమెకు సొంత హక్కు ఉండేది.

శాస్త్రం మూసిన ఈ తలుపును ఆచారం కొంత తెరిచింది. భూవసతి గల తెలుగు కుటుంబాల్లో కూతురి పెళ్లి సమయంలో ఎకరమో రెండెకరాలో పసుపు కుంకుమల కింద రాసివ్వడం, లేదా పెద్దమనుషుల ఎదుట నోటిమాటగా ఇవ్వడం చాలాకాలంగా సాగిన పద్ధతి. ఇలాంటి దస్తావేజులో పొలం నాలుగు హద్దులు చెప్పి, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో అనుభవించమని రాయడం పరిపాటి. ఉమ్మడి ఆస్తిని ఒక్కడే దానం చేసే అధికారం తండ్రికి సాధారణంగా లేకపోయినా, కూతురికి సముచితమైన కొద్ది భాగం ఇస్తే అది చెల్లుతుందని, పెళ్లినాడే కాక ఆ తర్వాత ఇచ్చినా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1963లో స్పష్టం చేసింది. అయితే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి. నోటిమాట మీద పుట్టింటి పొలం దున్నించుకున్న ఆడపడుచు, అన్నదమ్ముల తరం మారి మేనల్లుళ్లు ఎదురు తిరిగినప్పుడు చూపడానికి కాగితం లేక చిక్కుల్లో పడడానికి ఇదే కారణం. పైగా ఎంత ఆప్యాయతతో ఇచ్చినా అది తండ్రి ఇష్టంతో ఇచ్చినదే తప్ప కూతురు అడిగి తీసుకోగలిగినది కాదు.

కొన్ని వ్యవసాయ కులాల్లో నిలిచిన ఇల్లటం ఆచారం కూడా ఇక్కడ గుర్తు చేసుకోదగినదే. అల్లుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని, చాకిరీకి ప్రతిగా ఆస్తిలో వాటా ఇచ్చే ఈ పద్ధతిని మద్రాసు న్యాయస్థానాలు గుర్తించాయి. కూతురి కోసమే పుట్టిన ఏర్పాటులోనూ వాటా ఆమె భర్త పేరనే నిలిచిందన్నది గమనించవలసిన విషయం.

కోల్‌బ్రూక్ మితాక్షరలోని దాయభాగ ప్రకరణాన్ని 1810లో ఇంగ్లీషులోకి తెచ్చిన తర్వాత, ఆ గ్రంథం ఈస్టిండియా కంపెనీ న్యాయస్థానాల్లో చట్టపుస్తకంగా మారింది. ఊరి ఆచారానికి ఉన్న వెసులుబాటు ఈ క్రమంలో చాలావరకు తగ్గింది. విధవల విషయంలో దీని ఫలితం కఠినంగా ఉండేది. మచిలీపట్నం కలెక్టరుకూ కావలి వెంకట నారాయణప్పకూ మధ్య లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1861లో తేల్చిన వ్యాజ్యం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. వేరే వారసులు లేని ఒక బ్రాహ్మణ జమీందారు ఆస్తి ఆయన భార్యకు సంక్రమించింది. ఆమె దాని మీద అప్పు చేసి మరణించింది. దావా వేయడానికి దాయాది ఒక్కడూ మిగలకపోయినా, ఆ అప్పు కుటుంబ అవసరానికి చేసినదేనా అని, వారసులు లేని ఆస్తి దక్కే సర్కారు నిలదీయవచ్చునని కౌన్సిల్ తీర్పు చెప్పింది. భర్త ఆస్తిని అమ్మడంలోనూ తాకట్టు పెట్టడంలోనూ విధవకు ఉన్న పరిమితి దాయాదుల రక్షణ కోసం మాత్రమే ఏర్పడినది కాదనీ, అది ఆమె హక్కుకే అంటిపెట్టుకున్నదనీ ఈ తీర్పు సారాంశం. బతికినంతకాలం అనుభవించవచ్చు గాని చెల్లుబాటయ్యే అవసరం లేకుండా అమ్మరాదన్న ఈ హక్కునే పరిమిత హక్కు అన్నారు. 1937 చట్టం ఉమ్మడి కుటుంబంలో విధవకు భర్త వాటాను ఇచ్చింది గాని, అదీ ఈ పరిమిత హక్కుగానే ఇచ్చింది.

1956 హిందూ వారసత్వ చట్టం ఈ సంకెలను తెంచింది. దాని 14వ సెక్షన్, స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారుగా చేసింది. రాజీ పత్రంలో జీవితకాలానికే అని రాసి, పోషణ నిమిత్తం విధవకు ఇచ్చిన భూమి కూడా ఈ సెక్షన్‌తో ఆమె సొంతమైపోతుందని సుప్రీంకోర్టు 1977లో తులసమ్మ కేసులో తీర్పు చెప్పింది. కూతురి విషయంలో మాత్రం చట్టం సగం దూరమే నడిచింది. తల్లి లేని కుటుంబంలో తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తొమ్మిదెకరాల పిత్రార్జితం ఉన్నాయనుకుంటే లెక్క ఇలా తేలేది: తండ్రి మరణానికి ముందే పంపకం జరిగినట్లు భావించి తండ్రికీ కొడుకులకూ తలా మూడెకరాలు కేటాయించి, తండ్రి మూడెకరాలను మాత్రమే ముగ్గురు పిల్లలకూ సమంగా పంచాలి. కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒక్క ఎకరం. కుటుంబం ఉంటున్న ఇంటిని మగవారసులు తామై పంచుకునే దాకా ఆమె భాగం అడగరాదన్న నిబంధన దీనికి తోడైంది.

ఈ లెక్కను ఆంధ్రప్రదేశ్ మొదట మార్చింది. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసే దారి పట్టగా, ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన రాష్ట్ర సవరణ ఆ వ్యవస్థను అట్లాగే ఉంచి, కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుహక్కును ఇచ్చింది. 1986 నాటి 13వ చట్టంగా వెలువడిన ఈ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు, అప్పటికే పంపకాలు ముగిసిన కుటుంబాలకు ఇది వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు పెళ్లి ఆగస్టులోనూ చెల్లెలికి డిసెంబరులోనూ జరిగితే, చెల్లెలు వాటాదారు, అక్క కాదు. రాష్ట్రానికి గర్వకారణమైన చట్టంలో ఇంతటి అన్యాయం మిగిలిపోవడం విచారించదగినదే. ఆ తర్వాత తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టాయి.

హక్కు చట్టంలోకి వచ్చినంత మాత్రాన చేతికి రాలేదు. పొలం అమ్మాలన్నా బ్యాంకులో పెట్టాలన్నా కొనుగోలుదారులూ బ్యాంకులూ ఆడపడుచుల సంతకం అడగసాగారు. దాంతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో హక్కు విడుదల దస్తావేజులకు గిరాకీ పెరిగింది. తన వాటాను అన్నదమ్ములకు వదులుకుంటున్నట్లు రాసిచ్చే ఈ పత్రం మీద సంతకం చేయకపోతే పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయమే అనేకుల చేత వేలిముద్ర వేయించింది. ఆ భయానికి చట్టంలో మందు లేదు.

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేదీ అడ్డును తొలగించి, దేశమంతటా కూతురిని కొడుకుతో సమానమైన వాటాదారుగా చేసింది, నివాసగృహంపై ఉన్న ఆంక్షనూ రద్దు చేసింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదం పదిహేనేళ్లు నలిగి, అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. పై ఉదాహరణలోని తొమ్మిదెకరాలు ఇప్పుడు మూడేసి ఎకరాలుగా పంచవలసినవే. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాలను మాత్రం చట్టం కదిలించలేదు. ఎన్నడో నోటిమాటగా పంచుకున్నామన్న అన్నదమ్ముల వాదనను సాధారణంగా ఒప్పుకోరాదనీ, సర్కారీ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లోనే దానిని పరిశీలించాలనీ అదే తీర్పు నిర్దేశించింది.